చేపపిల్లల తొట్ల కోసం చేసిన గాలి వాల్వు నాన్నగారి పరుపుకూ పనికొచ్చింది: పేటెంటుకు ఒక దరఖాస్తు చాలునా, రెండు వేయాలా?

ప్రశ్న
రాసినవారు: కొల్లేటిగట్టు

సభ్యులందరికీ నమస్కారం. మాది ఆకివీడు దగ్గర ఒక పల్లె. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తిచేసి, పన్నెండేళ్లుగా చెరువుల మీద ఏరియేటర్లు, మోటార్లు, స్టార్టర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. దానితోపాటు ఇంటి వెనుక నాలుగు సిమెంటు తొట్లు కట్టుకుని, శీలావతి, బొచ్చె పిల్లలను కొని తెచ్చి, రైతుకు అప్పగించే ముందు ఒకరోజు మేత లేకుండా నిలవ ఉంచి, ఆక్సిజన్ నింపిన సంచుల్లో కట్టి పంపుతుంటాను. పొట్ట ఖాళీ అయిన పిల్ల ప్రయాణంలో సంచి నీటిని పాడుచేయదు కాబట్టి చావులు తగ్గుతాయన్నది ఈ పని చేసేవారందరికీ తెలిసినదే.

నాలుగు తొట్లకూ కలిపి నా దగ్గర ఒకే చిన్న గాలి పంపు ఉంది. నాలుగింటికీ ఒకేసారి గాలి వదిలితే ఏ తొట్టిలోనూ గాలి రాయి (బుడగలు వదిలే సన్న రంధ్రాల రాయి) నుంచి బుడగ సరిగా లేవదు. అందువల్ల నెమ్మదిగా తిరిగే మోటారు ఒకటి పెట్టి, కొన్ని నిమిషాలు రెండు తొట్లకు, తరువాత కొన్ని నిమిషాలు మిగిలిన రెండింటికి గాలి వెళ్లేలా ఒక వాల్వు చేసుకున్నాను. ఇది రెండేళ్ల కిందటి సంగతి.

నిరుడు శ్రావణంలో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకువచ్చిన మూడో వారానికి నడుము కింద, వెన్ను చివర ఎముక మీద చర్మం ఎర్రబడి, చూస్తుండగానే పుండయింది. డాక్టరు గారు గాలి పరుపు వాడమన్నారు. కొన్న ఆరు నెలలకే దాని పంపు మూలబడింది. విప్పి చూసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది, ఎందుకంటే లోపల ఉన్నది తొట్లకు వాడే గాలి పంపులో ఉండే రబ్బరు పొర, అయస్కాంతం, తీగచుట్టే. వెంటనే తొట్ల పంపు ఒకటి తెచ్చి, నా వాల్వు తగిలించి పరుపును నడిపాను. పరుపులోని గొట్టాలు ఒకటి విడిచి ఒకటి నిండుతూ, దిగుతూ ఎప్పటిలాగే పనిచేశాయి.

అయితే కరెంటు పోయినప్పుడల్లా పరుపు మెల్లగా దిగిపోయి, నాన్నగారి నడుము కింది బల్లకు తగిలేది. ఒక రాత్రి నేను చెరువు మీద ఉండగా చాలాసేపు కరెంటు లేదు. తెల్లవారి వచ్చి చూస్తే అమ్మ పంపు నుంచి పరుపుకు వెళ్లే గొట్టాలు రెండింటినీ మధ్యకు మడిచి, జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండ్లతో గట్టిగా చుట్టి, మంచం పక్కనే కూర్చుని ఉంది. పరుపు దిగలేదు. "కరెంటు పోగానే నీ డబ్బాయే ఈ పని చేసుకోలేదా నాన్నా?" అని అడిగింది. ఆ మాట వినగానే నాకు తొట్లు గుర్తుకు వచ్చాయి. కరెంటు పోగానే తొట్టిలోని నీరు గొట్టం వెంట వెనక్కి ఎక్కి పంపులోకి దిగుతుంది. ఆ విధంగా నేను రెండు పంపులు పోగొట్టుకున్నాను. రెండుచోట్లా రోగం ఒక్కటే. రెండు నెలలు కష్టపడి, కరెంటు పోయిన క్షణంలో దారులన్నీ బ్యాటరీ అవసరం లేకుండా వాటంతట అవే మూసుకునేలా వాల్వును మార్చాను. లోపలి అమరిక ఎలా ఉంటుందో ఇక్కడ రాయడం లేదు.

నా సందేహాలు ఇవి. చేపల తొట్లకూ, రోగి పరుపుకూ పనికొచ్చే ఈ వాల్వుకు ఒకే పేటెంటు దరఖాస్తు సరిపోతుందా, లేక రెండు వేయాలా? వైద్యానికి సంబంధించిన వాటికి మన దేశంలో పేటెంటు ఇవ్వరని ఒకరు చెప్పారు, అది నిజమేనా? నా వంటివాడికి ఎంత ఖర్చవుతుంది? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1
రాసినవారు: మద్రాసు ఏజెంటు

నేను చెన్నైలో పేటెంట్ ఏజెంటుగా పనిచేస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చే దరఖాస్తులను చూసేది చెన్నై పేటెంట్ కార్యాలయమే కనుక మీ వంటివారి కాగితాలు తరచుగా నా చేతి మీదుగా వెళ్తుంటాయి.

ముందుగా వైద్యం సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ అపోహ చాలామందిలో ఉంది. పేటెంట్ల చట్టం, 1970 లోని సెక్షన్ 3 కొన్నింటిని ఆవిష్కరణలు కావని తీసివేస్తుంది. మనుషులకు, పశువులకు చేసే చికిత్సా పద్ధతులు ఆ జాబితాలో ఉన్నాయి. వ్యవసాయ పద్ధతులూ ఉన్నాయి. అక్కడ తీసివేసినది పద్ధతిని మాత్రమే, పరికరాన్ని కాదు. "రోగిని రెండు గంటలకొకసారి ఇలా తిప్పడం ద్వారా పుండు రాకుండా చేసే విధానం" అని రాస్తే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. "ఇన్ని దారులు, ఇటువంటి మూత, ఇలాంటి కదలిక ఉన్న వాల్వు" అని రాస్తే ఆ అభ్యంతరం రాదు. చేపల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పిల్లలను నిలవ ఉంచే పద్ధతిని కోరవద్దు, వాల్వును కోరండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఒక దరఖాస్తులోని క్లెయిములన్నీ (అంటే మీరు హక్కు కోరే అంశాలన్నీ) ఒకే ఆవిష్కరణకు గాని, ఒకే ఆవిష్కరణ భావంతో ముడిపడిన కొన్నింటికి గాని సంబంధించి ఉండాలని సెక్షన్ 10(5) చెబుతుంది. మీరు తొట్టికి ఒక కొత్త నాజిలు, పరుపుకు వేరొక కొత్త గొట్టం చేసి ఉంటే ఆ రెండింటికీ పొత్తు లేదు కనుక రెండు దరఖాస్తులు వేయమనేవాడిని. కానీ మీ రెండు ఉపయోగాలకూ మూలం ఒకే వాల్వు, అందులోనూ ఒకే గుణం. కాబట్టి మొదటి క్లెయిమును కేవలం వాల్వు మీద రాసి, తరువాతి క్లెయిములలో ఆ వాల్వు ఉన్న తొట్ల గాలి ఏర్పాటును, ఆ వాల్వు ఉన్న రోగి పరుపును చెబితే ఒకే దరఖాస్తు చాలునని నా అభిప్రాయం. ఒకవేళ పరిశీలనాధికారి ఇవి రెండు వేర్వేరు ఆవిష్కరణలని అభ్యంతరం చెప్పినా నష్టం లేదు; సెక్షన్ 16 కింద రెండోదానిని విడదీసి, మొదటి తేదీనే నిలుపుకుంటూ వేరే దరఖాస్తుగా నడిపించుకోవచ్చు.

అన్నింటికంటే ముఖ్యమైన పని వెదుకులాట. చేపల పెంపకపు పరికరాలకు, రోగుల మంచాలు, పరుపులకు అంతర్జాతీయ వర్గీకరణలో వేర్వేరు అరలు ఉన్నాయి. చేపల తొట్లలో నీటికి గాలి పట్టించేవి ఏ01కె 63/04 లో, పడకపుండ్లు రాకుండా చేసే ఏర్పాట్లు ఏ61జి 7/057 లో, వాల్వులు ఎఫ్16కె లో దొరుకుతాయి. మీ వంటి ఆవిష్కర్తలు సాధారణంగా తమ రంగపు అర ఒక్కటే తెరిచి, ఏమీ లేదని సంతోషిస్తారు. మీరు మూడూ తెరవాలి. భారత పేటెంట్ కార్యాలయం వారి ఇన్‌పాస్ వెదుకులాట ఉచితం, గూగుల్ పేటెంట్స్ కూడా ఉచితమే. కరెంటు పోగానే మూసుకునే సోలినాయిడ్ (విద్యుదయస్కాంతంతో నడిచే) వాల్వులు ఎప్పటినుంచో బజారులో ఉన్నాయని మీకూ తెలుసు. అందువల్ల "కరెంటు పోతే మూసుకునే వాల్వు" అన్న ఫలితం మీద మీకు హక్కు రాదు. ఆ ఫలితాన్ని మీరు ఏ అమరికతో సాధించారో దాని మీద మాత్రమే రావచ్చు.

మరో మాట నిష్కర్షగా చెప్పాలి. మీరు ఇక్కడ రాసినది కూడా ప్రచురణే. ఫలితం చెప్పారు, అమరిక చెప్పలేదు. ఆ వరకు నష్టం జరగలేదు. ఇంతకు మించి ఒక్క వాక్యం కూడా రాయవద్దు, ఫోటో పెట్టవద్దు, వాట్సాప్ బృందంలో వీడియో అసలే వద్దు.

ఖర్చు విషయానికి వస్తే, వ్యక్తిగా ఆన్‌లైనులో దరఖాస్తు చేసుకుంటే ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు. ఇది 30 పుటలు, 10 క్లెయిముల వరకు వర్తిస్తుంది. పరిశీలన కోరడానికి 4,000 రూపాయలు. మొదట తాత్కాలిక వివరణ, అంటే ఆవిష్కరణను వివరించే తొలి పత్రం, దాఖలు చేసి తేదీని దక్కించుకుని, 12 నెలల లోపు పూర్తి వివరణ ఇవ్వవచ్చు. ఆ గడువు దాటితే దరఖాస్తు వదిలివేసినట్లే. 2024 మార్చిలో వచ్చిన సవరణల తరువాత పరిశీలన కోరే గడువు 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గింది, పాత వ్యాసాలు చదివి మోసపోవద్దు. పేటెంటు వస్తే దాఖలు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది, మూడో ఏడాది నుంచి ఏటా నిర్వహణ రుసుము కట్టాలి. కాగితాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉండాలి, తెలుగులో తీసుకోరు. ఇది నాకు బాధ కలిగించే విషయమే అయినా నియమం అదే. ఏజెంటు ఫీజు వేరు, అది మనిషిని బట్టి మారుతుంది.

తుది సలహా ఇవ్వబోయే ముందు మిమ్మల్ని రెండు విషయాలు అడగాలి. ఈ వాల్వును ఎవరికైనా ఇచ్చారా, అమ్మారా? రెండోది, మీ అమ్మగారు ప్రశ్న మాత్రమే అడిగారా, లేక పరిష్కారంలో కూడా ఆవిడ చేయి ఉందా?

జవాబు 2
రాసినవారు: ఆసుపత్రి పరికరాల మెకానిక్కు

నేను విశాఖపట్నంలో పదిహేనేళ్లుగా ఆసుపత్రి మంచాలు, సక్షన్ యంత్రాలు, గాలి పరుపుల పంపులు బాగుచేస్తున్నాను. పై సభ్యులు చట్టం చెప్పారు కాబట్టి నేను డబ్బా లోపలి సంగతి చెబుతాను.

మామూలు గాలి పరుపు పంపును విప్పితే మధ్యలో తీగచుట్ట, దానికి రెండు వైపులా అయస్కాంతం బిగించిన చేతులు, వాటి కొసన రబ్బరు పొరలు కనిపిస్తాయి. ఇంటిలో అలంకారపు చేపలకు వాడే గాలి పంపూ ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. పరుపు పంపులో అదనంగా ఉండేది ఒక చిన్న సింక్రనస్ మోటారు (ఒకే వేగంతో తిరిగేది), దాని మీద నెమ్మదిగా తిరిగే రంధ్రాల చక్రం. ఆ చక్రమే పది పన్నెండు నిమిషాలకొకసారి గాలిని ఒక వరుస గొట్టాల నుంచి మరో వరుసకు మళ్లిస్తుంది. కాబట్టి సోదరా, మీరు రెండేళ్ల కిందట చేసిన తిరిగే వాల్వు తొట్లకు కొత్తదేమో కాని పరుపులకు పాతదే. దానిని మీ ఆవిష్కరణగా రాస్తే పరిశీలనాధికారి మొదటి ఉత్తరంలోనే పాత పత్రం తెచ్చి ముందు పెడతారు.

మూసుకునే భాగంలో మాత్రం నాకు ఆశ కనిపిస్తోంది. ఖరీదైన పరుపులలో గొట్టం విడదీసినా గాలి నిలిచే జోడింపులు, కరెంటు పోతే మోగే అలారాలు ఉన్నాయి. మన మధ్యతరగతి ఇళ్లలో వాడే పంపులలో అవి ఉండవు, కరెంటు పోతే పరుపు దిగుతుంది. ప్రతి గొట్టానికీ వెనక్కి పోనివ్వని వాల్వు ఒకటి పెడితే సరిపోదా అని మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. పరుపులో అలా కుదరదు, ఎందుకంటే ఒక వరుస గొట్టాలు దిగాలంటే గాలి అదే దారిన వెనక్కి రావాలి. ఒకవైపు వాల్వు పెడితే వరుస మారడమే ఆగిపోతుంది. తిరుగుతున్నప్పుడు రెండు వైపులా గాలిని పోనివ్వాలి, కరెంటు పోగానే ఏ వైపూ పోనివ్వకూడదు. ఈ వైరుధ్యాన్ని మీ అమరిక తీర్చి ఉంటే, మీ దరఖాస్తులో బలమైన చోటు అదే. చేపల తొట్లలో ఈ ఇబ్బంది లేదు, అక్కడ ఒకవైపు వాల్వులు చక్కగా పనిచేస్తాయి. అందువల్ల నన్నడిగితే కథను తొట్టి నుంచి కాక పరుపు నుంచి మొదలుపెట్టండి.

భద్రత గురించి కూడా చెప్పకుండా ఉండలేను. తొట్ల పంపును నేరుగా 230 వోల్టులతో రోగి మంచం కింద పెట్టడం మంచిది కాదు. పక్షవాతం ఉన్న మనిషి పడక తడవడం తప్పదు. పంపును మంచం కాళ్ల వైపు, నేలకు ఎత్తుగా తగిలించి, ఎర్తు సరిగా ఉన్న ప్లగ్గు వాడండి, ఆ లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైనును ఆపేసే స్విచ్చు) పెట్టండి, మోటారును 12 వోల్టుల డీసీకి మార్చండి. మీరు ఎలక్ట్రీషియన్ కాబట్టి ఇది మీకు కొత్త కాదు, కానీ ఇంటి మనిషి కోసం చేసేటప్పుడే మనం తొందరలో ఇటువంటివి వదిలేస్తాం. రేపు దీనిని తయారుచేసి అమ్మాలంటే పేటెంటు ఒక్కటే సరిపోదు, వైద్య పరికరాల నియమాలు, 2017 కింద అనుమతి కూడా కావాలి.

జవాబు 3
రాసినవారు: వార్డు నర్సు

అన్నయ్య గారూ, నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. పేటెంటు నాకు తెలియదు, పడకపుండు తెలుసు.

గొట్టాలన్నీ మూసుకుని గాలి నిలిచినప్పుడు పరుపు దిగదు, అది మంచిదే. కానీ ఆ సమయంలో వరుస మారడం ఆగిపోతుంది కనుక ఒత్తిడి ఒకేచోట నిలుస్తుంది. అందువల్ల కరెంటు లేని వేళ ఎవరో ఒకరు నాన్నగారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పవలసిందే. కరెంటు ఉన్నా తిప్పడం మానకూడదు. గాలి పరుపు తిప్పే పనికి సాయమే తప్ప దానికి బదులు కాదు. పూర్తిగా పక్కకు పడుకోబెడితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది, కాబట్టి వీపు వెనుక దిండు పెట్టి సుమారు 30 డిగ్రీలు వాల్చితే చాలు. మడమల కింద కాకుండా పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో తేలేలా చూడండి.

పరుపులో గాలి చాలిందో లేదో తెలుసుకోవడానికి మేము వార్డులో చేసే పరీక్ష ఒకటి ఉంది. నాన్నగారి నడుము ఎక్కడ ఆనుతుందో అక్కడ పరుపు కిందికి అరచేయి పైకి ఉండేలా చేయి దూర్చండి. చేతికీ ఆయన నడుముకూ మధ్య కనీసం ఒక అంగుళం గాలి తెలియాలి. ఎముక చేతికి తగిలితే ఆ పరుపు ఉన్నా లేనట్టే. పరుపు మీద నాలుగు మడతల దుప్పటి, దాని మీద రబ్బరు షీటు, మళ్లీ దుప్పటి వేస్తారు చాలామంది. అలా వేస్తే గాలి గొట్టాల కదలిక ఒంటికి అందదు, ఒక పలుచని దుప్పటి చాలు. ఎర్రబడిన చోట నూనె పెట్టి మర్దన చేయవద్దని అమ్మగారికి చెప్పండి. ఆ చోట వేలితో నొక్కి వదిలినప్పుడు రంగు తేలిపోకుండా అలాగే ఉంటే అది పుండుకు మొదటి మెట్టు. మనవంటి చామనఛాయ ఒంటి మీద ఎరుపు కనపడకపోవచ్చు; వేడిగా, గట్టిగా తగులుతుందేమో చేత్తో చూడాలి.

మీ వాల్వు విషయంలో ఒక కోరిక. రోగికి గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కాలంటే పరుపు వెంటనే దిగిపోవాలి, గాలి మీద నొక్కితే బలం అందదు. అందుకే మంచి పరుపులకు ఒక్క లాగుతో గాలంతా పోయే ఏర్పాటు ఉంటుంది. కరెంటు పోతే మూసుకునే మీ వాల్వు ఆ దారిని కూడా మూసేయకూడదు. చేత్తో తెరిచే దారి ఒకటి, చీకట్లో కూడా తడిమితే దొరికేచోట, తప్పకుండా పెట్టండి.

జవాబు 4
రాసినవారు: కైకలూరు రైతు

నా మాట కొంచెం వేరుగా ఉంటుంది, తప్పుగా అనుకోవద్దు. మా నాన్న కాలం నుంచి మేము చెరువులు చేస్తున్నాం. మన కొల్లేటి ప్రాంతపు రైతులు తవుడు, వేరుశనగ చెక్క కలిపి, అడుగున రంధ్రాలు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో గెడలకు కట్టి మేపడం మొదలుపెట్టారు. చేప వచ్చి సంచిని పొడుచుకుని తింటుంది, మేత అడుగున పడి కుళ్లదు, సాయంత్రం సంచి బరువు చూస్తే చేప ఎంత తిన్నదో తెలుస్తుంది. ఇంత గొప్ప ఉపాయానికి ఎవరి పేరూ లేదు, ఎవరూ పేటెంటు తీసుకోలేదు, ప్రతి చెరువుకూ చేరింది. అంతకు ముందు 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి గారు పిట్యుటరీ గ్రంథి రసంతో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించకపోతే ఈనాటికీ మనం పిల్లల కోసం నదుల మీద వలలు వేసుకుని కూర్చునేవాళ్లం. ఆ తేదీనే ఇప్పుడు చేపల రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. జైపూర్ పాదం అనే కృత్రిమ కాలికి కూడా పేటెంటు లేదు, అది ఎన్నో దేశాలకు వెళ్లింది.

మీరు కూడా బొమ్మ గీసి అందరికీ ఇచ్చేస్తే, ఏ ఊరి మెకానిక్కు అయినా చేసి పెడతాడు కదా? మంచం పట్టిన మనిషి ఉన్న ప్రతి ఇంటికీ చేరుతుంది. ఆలోచించండి.

జవాబు 5
రాసినవారు: కొల్లేటిగట్టు

అందరికీ కృతజ్ఞతలు. నర్సు చెల్లెమ్మ చెప్పినట్టు నిన్న రాత్రే పరుపు కింద చేయి పెట్టి చూశాను. అంగుళం లేదు, ఎముక చేతికి తగిలింది. ఇన్నాళ్లూ పైన చేత్తో నొక్కి గట్టిగా ఉందని అనుకుంటున్నాను. పరుపు మీద దుప్పట్లు కూడా మీరన్నట్టు మూడు ఉన్నాయి. రెండు తీసేసి, పంపు ఒత్తిడి పెంచి, మళ్లీ చూస్తే సరిపోయింది. చేత్తో తెరిచే దారి నా వాల్వుకు లేదు, పెట్టే పనిలో ఉన్నాను.

ఏజెంటు గారి ప్రశ్నలకు జవాబు. నాలుగు నెలల కిందట మిత్రుడి చేపపిల్లల నర్సరీకి ఒక వాల్వు ఇచ్చాను. సామాను ఖర్చు అని 3,500 రూపాయలు తీసుకున్నాను. కానీ అది పాతది, తిరుగుతుందే కాని మూసుకోదు. మూసుకునే భాగం ఆ తరువాత చేసినది. దానిని మా ఇంటివాళ్లు, భీమవరంలో దాని ముక్కను నా కొలతలకు తీసిన లేతు మేస్త్రి తప్ప ఎవరూ చూడలేదు. మిత్రుడి వాల్వుకు కూడా కొత్త భాగం వేసి ఇద్దామని అనుకున్నాను.

అమ్మ సంగతి. మూసుకోవాలన్న ఆలోచన అమ్మదే. మూడు రకాలుగా స్ప్రింగులతో చేసి చూసి విఫలమయ్యాను. అప్పుడు అమ్మ వంటింట్లోంచి ఒక వస్తువు తెచ్చి, "ఇది ఇలా మూసుకుంటుంది కదా" అని తిప్పి చూపించింది. వాల్వు లోపల ఉన్నది ఆ వస్తువు పద్ధతే. ఏ వస్తువో చెప్పను.

కైకలూరు పెద్దాయనకు ఒక మాట. మీరు చెప్పినదంతా నిజమే, నాకూ గౌరవమే. నాకున్న భయం వేరే. నేను ఊరికే ఇచ్చేస్తే ఏ పెద్ద కంపెనీ అయినా చిన్న మార్పు చేసి తన పేరున రాయించుకుంటే, రేపు నేను మా నాన్నకు చేసుకున్నది నేనే అమ్ముకోలేనేమో.

జవాబు 6
రాసినవారు: మద్రాసు ఏజెంటు

మీ భయానికి ముందు సమాధానం చెబుతాను. అమరికనంతా తేదీతో సహా బహిరంగంగా ప్రచురిస్తే, ఆ తరువాత అదే అమరిక మీద వేరొకరు చెల్లుబాటయ్యే పేటెంటు పొందలేరు. కాబట్టి కైకలూరు రైతు గారి దారి కూడా సరైనదే. అయితే ఒకసారి ప్రచురించాక మీకు వెనక్కి దారి లేదు. దాఖలు చేశాక మాత్రం రెండు దారులూ తెరిచే ఉంటాయి, కోరుకున్నవారికి మీరే ఉచితంగా అనుమతి ఇవ్వవచ్చు. ఊరి మెకానిక్కులకు ఉచితం, కంపెనీలకు రుసుము అని చెప్పుకునే హక్కు కూడా పేటెంటు ఉంటేనే వస్తుంది. నా ఓటు ముందు దాఖలు చేయడానికే.

అమ్మిన వాల్వు సంగతి తేలికగా తీసుకోవద్దు. డబ్బు ఎందుకు తీసుకున్నా, దానిని మీ గుప్పిట దాటి వాడకంలోకి వెళ్లిన వస్తువుగానే చూస్తారు. పరీక్ష కోసం బహిరంగంగా వాడిన సందర్భానికి సెక్షన్ 32లో కొంత మినహాయింపు ఉంది కాని మీ విషయంలో దాని మీద ఆధారపడమని నేను చెప్పను. అదృష్టం ఏమిటంటే అందులో మూసుకునే భాగం లేదు. ఆ పాత వాల్వును దాచకుండా, ఇప్పటికే ఉన్న స్థితిగా మీ వివరణలోనే రాసి, దానికీ కొత్తదానికీ తేడా చూపండి. మెకానిక్కు గారు చెప్పిన వైరుధ్యం, అంటే తిరుగుతున్నప్పుడు రెండు వైపులా దారి, ఆగినప్పుడు ఏ వైపూ లేదు అన్నది, ఆ తేడాకు సరిగ్గా సరిపోతుంది; ఇన్నేళ్ల అనుభవంలో క్లెయిముకు ఇంత చక్కటి ఆధారం ఆసుపత్రి వర్క్‌షాపు నుంచి రావడం నాకు సంతోషంగా ఉంది. మిత్రుడి వాల్వుకు కొత్త భాగం వేయడం దాఖలు తేదీ వరకు ఆపండి. లేతు మేస్త్రి మీ కొలతలకు పనిచేశారు కనుక ఆయన ఆవిష్కర్త కారు, కాని గోప్యంగా ఉంచుతానని చిన్న కాగితం మీద సంతకం తీసుకోండి.

ఇక అమ్మగారు. కావలసిన ఫలితాన్ని కోరుకున్నంత మాత్రాన ఎవరూ ఆవిష్కర్త కారు. కాని ఆ ఫలితాన్ని సాధించే అమరికను చూపించినది ఆవిడే అని మీరే రాశారు. కాబట్టి దరఖాస్తులో ఆవిష్కర్తలుగా ఇద్దరి పేర్లూ ఉండాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. నిజమైన, మొదటి ఆవిష్కర్త పేరు వదిలివేస్తే రేపు పేటెంటునే సవాలు చేయవచ్చు. దరఖాస్తుదారులుగా కూడా ఇద్దరూ ఉంటే ఒక లాభం ఉంది. దరఖాస్తుదారులందరూ వ్యక్తులై, వారిలో ఒక్కరైనా స్త్రీ అయితే త్వరిత పరిశీలన కోరవచ్చు. అందుకు 4,000 బదులు 8,000 రూపాయలు, ముందస్తు ప్రచురణకు 2,500 రూపాయలు అవుతాయి. తొందర లేకపోతే మామూలు దారినే వెళ్లండి.

ఏజెంటు ఫీజు భారం అనిపిస్తే, గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ వారిని సంప్రదించండి. 2000లో ఏర్పడిన ఆ సంస్థ మీ వంటి క్షేత్రస్థాయి ఆవిష్కర్తలకు పేటెంటు దాఖలులో సాయపడుతుంది. హైదరాబాదులోని పల్లెసృజన వారు కూడా ఇటువంటివారిని వెదికి పట్టుకుని తోడుగా నిలుస్తారు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు, ఒక్క చీరకు వేలసార్లు చేయి చాచి ఆసు పోసే (నేతకు ముందు మేకుల చుట్టూ దారం చుట్టే) తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేసి, దానికి ఆవిడ పేరే లక్ష్మి అని పెట్టి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన తల్లి కోసం చేశారు, మీరు తల్లితో కలిసి చేశారు.

జవాబు 7
రాసినవారు: కొల్లేటిగట్టు

ఏజెంటు గారూ, మీరు చెప్పినట్టే చేస్తాను. లేతు మేస్త్రి ఈ రోజే కాగితం మీద సంతకం పెట్టారు. తాత్కాలిక వివరణ ముందు తెలుగులో రాసుకుంటున్నాను, మా మేనకోడలు బీటెక్ చదువుతోంది కనుక ఇంగ్లీషులోకి తను మారుస్తానంది. అమ్మ తన పేరు ఎందుకని మొదట ఒప్పుకోలేదు. పేరు లేకపోతే పేటెంటే చెల్లకపోవచ్చని మీరు రాసినది చదివి వినిపించాక, అయితే ఇంటిపేరు తప్పు లేకుండా రాయమని చెప్పి ఒప్పుకుంది. పటాలు నేను చేత్తో గీస్తే తీసుకుంటారా, కంప్యూటరులో గీయించాలా అన్నది ఒక్కటే మిగిలిన సందేహం.

జవాబు 8
రాసినవారు: మద్రాసు ఏజెంటు

తాత్కాలిక వివరణకు చేత్తో గీసినవైనా ఫరవాలేదు, శుభ్రంగా ఉండాలి. ఏ4 తెల్ల కాగితం మీద ఒకవైపే, నల్ల గీతలతో, రంగులు లేకుండా గీయండి. ప్రతి భాగానికీ ఒక అంకె ఇచ్చి, వివరణలో ఎక్కడ ఆ భాగం వచ్చినా అదే అంకె రాయండి. వాల్వు తిరుగుతున్నప్పుడు ఒకటి, కరెంటు పోయి మూసుకున్నప్పుడు ఒకటి, ఈ రెండు స్థితులకు విడివిడిగా పటాలు తప్పనిసరి. నర్సు గారు చెప్పిన చేత్తో తెరిచే దారిని కూడా ఇప్పుడే గీసి అందులో చేర్చండి. తాత్కాలిక వివరణలో లేనిదానికి ఆ తేదీ వర్తించదు కనుక, అది పూర్తయ్యేవరకు ఒక వారం ఆగి దాఖలు చేసినా మంచిదే.